చప్పుడు కాకుండా దిగడం

జూన్ 20

బాబాయికి నమస్కారాలు.

మీ మోకాలి ఆపరేషన్ కుట్లు విప్పారని పిన్ని ఫోన్లో చెప్పింది. మీతో మాట్లాడదామంటే విజిళ్ళు ఊదీ ఊదీ మీ చెవులు అరిగిపోయాయి. పిన్నిని మధ్యలో దుబాసీగా పెట్టుకుంటే సగం మాటలు ఆవిడే మింగేస్తుంది. అందుకని ఉత్తరమే దిక్కు.

ఉద్యోగంలో చేరాను. మన ఇంట్లో రెండో డ్రిల్లు మాస్టారు నేనేనని అందరికీ చెప్పుకుంటున్నారట, సంతోషం. మా వ్యాయామశాల ఒకప్పుడు గోదాము. పైన రేకులు, కింద నున్నటి సిమెంటు, మధ్యలో దూకే పెట్టె. మీ బడిలో ఉన్నటువంటిదే, ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్క అరలు, పైన తోలు దిండు. పిల్లలు దాని మీదికెక్కి అవతల పరిచిన పరుపు మీదికి దూకాలి.

బాబాయ్, నాకు భయంగా ఉంది. ఇంకెవరికీ చెప్పుకోలేను గనక మీకు చెబుతున్నాను. పిల్ల పెట్టె మీద నిలబడగానే నా నోట్లో తడి ఆరిపోతుంది. దూకి, పాదాలు పరుపు మీద ఆనేదాకా నాకు ఊపిరాడదు. అంతలో ఇంకో పిల్ల ఎక్కుతుంది. పీరియడ్ అయ్యేసరికి అందరి బదులూ నేనే దూకినంత అలసిపోతున్నాను.

ట్రైనింగులో మాకు రెండు దారులు నేర్పారు. ఒకటి మీది. ఎలా చెయ్యాలో చెప్పడం, చేసి చూపించడం, విజిల్ ఊదడం, అందరూ ఒక్కలాగే చెయ్యడం. రెండోది అడగడం. జవాబు మనం చెప్పకూడదు, పిల్లల ఒళ్ళే దాన్ని వెతుక్కోవాలి. నేను రెండోదానితో మొదలుపెట్టాను. "చప్పుడు కాకుండా దిగడం ఎలా?" అని అడిగి ఊరుకున్నాను. మొదట అందరూ బస్తాల్లా దబ్బుదబ్బున పడ్డారు. ఒకడు మునివేళ్ళ మీద దిగి చూశాడు. ఇంకొకడు చెప్పులు లేకపోతే చప్పుడుండదు కదా అని వాదించాడు. మోకాళ్ళు వంచి దిగితే చప్పుడు తగ్గుతుందని కనిపెట్టింది మాత్రం ఉడుత. అది ఆరో తరగతి పిల్ల. కిటికీ చువ్వలు, గోడలు, ఏవీ వదలదు, అందుకే ఆ పేరు. ఎక్కే ముందు, దూకే ముందు ఒక్క క్షణం ఆగి కిందికి చూసుకుంటుంది. దాన్ని చూస్తుంటే నాకు కాస్త ధైర్యం.

హెడ్ మిస్ట్రెస్ గారికి మాత్రం నచ్చలేదు. "మీ హాల్లోంచి విజిల్ వినపడదేం? పాఠం చెబుతున్నారా, కబుర్లాడుతున్నారా?" అన్నారు. ఏం చెయ్యమంటారు?

మీ
సుడిగాలి


జూన్ 30

చిరంజీవి సుడిగాలికి బాబాయి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. కాలు మెరుగు. రోజూ ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వస్తోంది. నీ జాతే. "మాస్టారూ, ఈ కుర్చీలోంచి లేవాలంటే ముందు ఏం చెయ్యాలో మీరే చెప్పండి" అంటుంది. డబ్బు తీసుకునేది తను, చెప్పాల్సింది నేను. రేపటినుంచి దాన్ని రావద్దని మీ పిన్నికి చెప్పాను. మీ పిన్ని వినలేదు.

ఇక నీ సంగతి. శ్రద్ధగా చదువు.

పాకే పిల్లాణ్ణి దారి అడిగేవాడు నూతిలో పడతాడు. పిల్లలకు తెలియదు గనకే మనకు జీతమిస్తున్నారు. దిగడం ఎలాగో నువ్వే చెప్పు. మోకాళ్ళు వంచు, చేతులు ముందుకు, చూపు ఎదురుగా. చేసి చూపించు. విజిల్ ఊదు. విజిల్ మోగాక ఏ పిల్లా పెట్టె మీద నిలబడకూడదు. నిలబడితే ఆలోచిస్తుంది. ఆలోచిస్తే భయపడుతుంది. భయపడి దూకినవాడే పడతాడు. ఆలోచించనిస్తే పడతారు, ఇది రాసి గోడకంటించుకో.

నేను ఇన్నేళ్ళూ ఊదాను. నా చేతికింద ఒక్క పిల్లకీ వేలు కూడా బెణకలేదు.

నీ భయం పోవడానికి మందు కూడా అదే. ఊదేవాళ్ళకి భయముండదు. ఊది చూడు.

మీ పిన్ని కుట్టుమిషను షాపుకి వెళ్ళేటప్పుడు ఈ కవరు పోస్టు డబ్బాలో వేస్తుంది. త్వరగా జవాబు రాయి.

బాబాయి


జూలై 14

బాబాయ్,

ఉడుత పడింది.

పెట్టె మీంచి దూకింది. పరుపు మీద దిగలేదు, సిమెంటు మీద వీపు తగిలేలా పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది.

అది వెంటనే లేవబోయింది. "కదలొద్దు! ఎవరూ కదలొద్దు!" అని అరిచాను. అది నా గొంతు కాదు, అచ్చం మీ గొంతు. ఉడుత ఎక్కడిదక్కడ ఆగిపోయింది. హాలంతా కుక్కిన పేనులా ఉండిపోయింది. అంబులెన్సు వచ్చేదాకా నేను నేల మీద బోర్లా పడుకుని, దాని తల రెండు చేతుల మధ్యా పట్టుకుని ఉన్నాను. వెన్నులో ఒక ఎముక నలిగిందట. అప్పుడు గబుక్కున లేచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని డాక్టరు అన్నారు. ఆ ఒక్క అరుపూ మీరు నేర్పిందే, దానికి మాత్రం మీకు దణ్ణం.

మళ్ళీ నడుస్తుందా అని అడిగితే "చూద్దాం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు డాక్టరు నా మొహంలోకి చూడలేదు.

ఇంకేమీ రాయలేను.

సుడిగాలి


జూలై 21

సుడిగాలికి,

నీ ఉత్తరం మీ పిన్ని చదివింది, తర్వాత నేను చదివాను. అన్నం సయించలేదు.

ముందే చెప్పాను. చెవినపెట్టలేదు. చప్పుడు కాకుండా దిగడం ఎలా అని అడుగుతూ కూర్చున్నావు, పిల్ల వీపుతో జవాబు చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఏడ్చి లాభం లేదు.

ఇకనైనా విను. హెడ్ మిస్ట్రెస్ గారి దగ్గరకు వెళ్ళు. అడిగే పద్ధతి మానేశానని చెప్పు. ఆ పిల్ల తల్లిదండ్రుల కాళ్ళ మీద పడు. విజిల్ మెళ్ళోంచి తియ్యకు.

పిల్ల ఎలా ఉందో వెంటనే రాయి. ఇది ఆజ్ఞ.

బాబాయి


ఆగస్టు 1

బాబాయికి నమస్కారాలు.

మీరు కోప్పడింది న్యాయమే. దాని గురించి ఇంతకంటే రాయలేను.

విచారణ జరిగింది. హెడ్ మిస్ట్రెస్ గారి గదిలో, పెద్ద గాజు బల్ల చుట్టూ. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. చివరికి నా తప్పేమీ లేదని తేల్చి నీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపారు. ఎందుకు లేదన్నారో రాయబోతే కలం కదలడం లేదు. తప్పు ఉందని తేలిస్తేనే నాకు ఇంత భయం వేసేది కాదేమో.

ఉడుతను ఇంటికి పంపించారు. నడుముకి గట్టి బెల్టు కట్టారు. వాళ్ళ నాన్న తాళాలు బాగుచేస్తాడు. ముందుగదిలో ఒక పక్క ఆకురాయీ తాళంచెవులూ, ఇంకో పక్క దాని మంచం. అది గోడవైపు తిరిగి పడుకుంది. నన్ను చూసి "సారీ టీచర్" అంది. నాకు సారీ చెప్పింది బాబాయ్.

బడిలో దూకే పెట్టె మీద దుప్పటి కప్పేశాను. పిల్లల్ని వరుసగా నడిపించి పంపించేస్తున్నాను. వాళ్ళూ ఏమీ అడగరు, నేనూ ఏమీ అడగను.

మీ కాలు ఎలా ఉంది? ఆ ఫిజియోథెరపీ అమ్మాయిని తిట్టకండి.

సుడిగాలి


ఆగస్టు 23

బాబాయ్,

మీనుంచి జవాబు లేదు. పిన్నికి ఫోన్ చేస్తే "షాపులో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తోంది. నా మీద కోపంతో కలం ముట్టడం లేదని అర్థమైంది. సరే, ఇంకా కోప్పడండి, కానీ అసలు సంగతి తెలిసి కోప్పడండి. మీకు బాధ కలుగుతుందని దాచాను. ఇక దాచలేను.

ఆ రోజు నేను ఏమీ అడగలేదు. విజిల్ ఊదాను.

విజిల్ ఊదమని మీరు రాసిన ఉత్తరం దానికి ముందు రోజే అందింది. మర్నాడు హెడ్ మిస్ట్రెస్ గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మీరు రాసినట్టే దిగడం చేసి చూపించాను, మీరు రాసినట్టే ఊదాను. మీరన్నట్టు కాసేపు భయం కూడా పోయింది. పిల్లలు టకటకా ఎక్కి దూకుతున్నారు, నేను ఊదుతున్నాను, ఆవిడ తల ఊపుతున్నారు. ఉడుత వంతు వచ్చింది. ఎక్కి ఆగింది. అలవాటు ప్రకారం కిందికి చూసింది. దానికి ముందు దూకినవాడి తాకిడికి పరుపు పక్కకు జరిగింది. అది దానికి కనిపించింది, నాకు కనిపించలేదు. నావైపు తిరిగి ఏదో చెప్పబోయింది. భయపడుతోందనుకున్నాను. ఆలోచించనిస్తే పడుతుందనుకున్నాను. ఊదాను.

పరుపు లేదని తెలిసి కూడా దూకింది బాబాయ్. నేను ఊదాను గనక దూకింది.

విచారణలో పిల్లలంతా "టీచర్ విజిల్ ఊదింది" అన్నారు. దాంతో హెడ్ మిస్ట్రెస్ గారి మొహం విచ్చుకుంది. "పద్ధతి ప్రకారమే చేశారు కదా, పిల్లే సరిగ్గా దూకలేదు" అన్నారు. కుక్కిన పేనులా కూర్చున్నది ఆ రోజు నేను. ఆ మాట ఉడుత దాకా వెళ్ళింది.

ఇప్పుడు డాక్టరు ఎముక అతుక్కుందన్నారు. కాళ్ళలో బలం ఉంది, బెల్టు పెట్టుకుని నిలబడొచ్చు, నిలబడాలి, ఇంకా పడుకుంటే కండ కరిగిపోతుందన్నారు. అది మాత్రం మంచం దిగదు. నాన్న బతిమాలాడు, డాక్టరు కోప్పడ్డారు. నిన్న నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాతో మాత్రం మాట్లాడింది.

"కాలు ఎక్కడ పెట్టాలో నాకు తెలీట్లేదు టీచర్. నేను చూసుకుంటే తప్పవుతుంది. మీరు విజిల్ ఊదండి, లేస్తాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. విజిల్ సంచీలోనే ఉంది. ఊదితే లేస్తుంది, అది నాకు తెలుసు. కళ్ళు మూసుకునైనా లేస్తుంది. ఆ తర్వాత జన్మలో ఎవరో ఒకరు ఊదితే తప్ప లేవదు. ఊదకపోతే అక్కడే ఎండిపోతుంది. "నీ అంతట నువ్వే లే" అన్నా అదీ ఒక విజిలే కదా. లేచి బయటికొచ్చేశాను.

ఏం చెయ్యాలో చెప్పండి. తిట్టినా సరే, చెప్పండి.

సుడిగాలి


ఆగస్టు 31

సుడిగాలికి,

కోపం కాదమ్మా. పడ్డాను.

నువ్వు ఆగస్టు ఒకటిన రాసిన ఉత్తరం వచ్చిన రోజు. అది చదివి స్నానాలగది వైపు వెళ్ళాను. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా జారింది. మీ పిన్ని షాపులో ఉంది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి తలుపు కొట్టి కొట్టి, ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయిందట. నాకు వినపడలేదు. తడి నేల మీద పడుకుని నాకు నేనే ఆజ్ఞ ఇచ్చుకున్నాను. "లే" అన్నాను. గట్టిగా అన్నాను. ఇన్నేళ్ళూ ఎన్ని వందల కాళ్ళు నా మాట విన్నాయో, నా కాలు మాత్రం వినలేదు. భయం వేసింది. చీకటి గదిలో పెట్టిన పిల్లాడికి వేసే భయమే, వేరే రకం కాదు. సాయంత్రం మీ పిన్ని వచ్చి చూసేదాకా అలాగే ఉన్నాను.

ఎముక విరగలేదు. మోకాలికి ఏమీ కాలేదన్నారు. అయినా ఆనాటినుంచి మంచం దిగలేదు. నీకు చెప్పొద్దని మీ పిన్నితో ఒట్టు వేయించుకున్నాను. ఊదేవాళ్ళకి భయముండదని నీకు రాసిన చేత్తో, భయపడి పడుకున్నానని ఎలా రాయను? సిగ్గేసింది.

నీ ఉత్తరం చదివాను. విజిల్ నీ నోట్లో ఉన్నా అందులో ఊపిరి నాది. జూలైలో నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలంటే ఎలాగో తెలియడం లేదు. "ఆలోచించనిస్తే పడతారు" అని రాసింది నేను. ఆలోచిస్తూ నిలబడ్డ పిల్లను పడేసింది ఆ మాటే. నా చేతికింద ఎవరికీ వేలు బెణకలేదని గొప్ప చెప్పుకున్నాను. ఎంతమంది నావైపు తిరిగి ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నారో ఇప్పుడెవరు చెబుతారు?

ఏం చెయ్యాలో చెప్పమన్నావు. నాకు తెలియదు. అందుకే ఆ పిల్లకే ఒక చీటీ రాశాను. ఇందులో పెడుతున్నాను. నువ్వూ చదువు. ఇవ్వాలో వద్దో నీ ఇష్టం.

బాబాయి

(చీటీ)

ఉడుతకు,

నేను మీ టీచర్ బాబాయిని. డ్రిల్లు మాస్టారిని. నేనూ పడ్డాను. ఎముకలన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. అయినా మంచం దిగలేకపోతున్నాను. కాలు కింద పెట్టబోతే నేల పక్కకు జరిగిపోతున్నట్టుంటోంది. ఆ రోజు పరుపు జరిగిందని అంతమందిలో నువ్వొక్కదానివే చూశావట. నువ్వు చూసింది నిజం. ఆగడం కూడా సరైనదే. తప్పు ఊదిన వాళ్ళది, ఊదమన్న వాళ్ళది.

నీలాగా చూడడం నాకు రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. మంచం దిగేటప్పుడు ముందు ఏం చెయ్యాలి? ఏ కాలు ముందు పెట్టాలి? నాకు ఆపరేషన్ అయింది ఎడమ మోకాలికి. పరీక్ష పెట్టడం లేదమ్మా, నిజంగానే తెలియదు. తెలిస్తే చెబుతావా?

డ్రిల్లు మాస్టారు

(అంచున, వేరే చేతిరాత)

అమ్మలూ, ఫోన్లో అబద్ధాలాడలేక పెట్టేశానే, ఏమనుకోకు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. కాఫీ కావాలన్నా "కాఫీ" అంటారు తప్ప అడిగి ఎరగరు. ఈ చీటీ నాలుగుసార్లు చింపి రాశారు. నాకూ భయంగానే ఉంది. — పిన్ని


సెప్టెంబరు 9

బాబాయికి నమస్కారాలు.

మీరు నేల మీద పడి ఉన్నారు, నేను ఇక్కడ మీరు అలిగారని అలిగి కూర్చున్నాను. మన వంశానికి చెవులు ఎందుకిచ్చాడో దేవుడికే తెలియాలి.

ముందు హెడ్ మిస్ట్రెస్ గారి దగ్గరకు వెళ్ళాను. "పిల్ల సరిగ్గానే ఆగిందండీ. నేను ఊదడమే తప్పు" అన్నాను. "అది మీరు అనకుండా ఉండాల్సింది" అన్నారు. మళ్ళీ విచారణట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అక్కణ్ణుంచి ఉడుత ఇంటికి వెళ్ళి, వాళ్ళ నాన్నకీ అదే చెప్పాను. ఆయన ఆకురాయి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. వెళ్ళిపొమ్మంటాడనుకున్నాను. "దానికి చెప్పండి" అన్నాడు.

దానికీ చెప్పాను. గోడవైపే చూస్తూ వింది. అప్పుడు మీ చీటీ ఇచ్చాను.

చదివింది. మళ్ళీ చదివింది.

"మాస్టారికి తెలీదా?"

"తెలీదట."

"అబద్ధం. మాస్టార్లకి తెలుస్తుంది."

"మా బాబాయి అబద్ధమాడరు. అబద్ధమాడాలంటే కాస్త ఆలోచించాలి కదా" అన్నాను. చాలా రోజుల తర్వాత దాని మొహంలో నవ్వు చూశాను. మీరు క్షమించాలి.

పడుకున్నచోటే కాళ్ళు ఆడించి చూసుకుంది. నుదురు ముడేసింది. "పడుకుని చెప్తే తెలీదు టీచర్. చూసి చెప్పాలి" అంది. పక్కకు ఒత్తిగిల్లి, మోచేత్తో నెట్టుకుంటూ కూర్చుంది. కాళ్ళు మంచం అంచున వేలాడేసింది. నా చెయ్యి దానంతట అదే మెడ దగ్గరకు వెళ్ళింది. విజిల్ ఇంట్లో వదిలేసి వచ్చాను, నయం. నోరు తెరిస్తే "జాగ్రత్త" అంటానేమోనని పెదవి కొరుక్కున్నాను. నా జన్మలో అంత భయపడింది లేదు, అది పడ్డ రోజు కూడా అంత భయపడలేదు.

అది కిందికి చూసింది. అలాగే చూస్తూ ఉంది.

"నాన్నా, ఈ చాప తియ్యి. జారుతుంది."

ఆయన తీశాడు. ఒక కాలు పెట్టింది. మోకాలు కొంచెం వంచి రెండోది పెట్టింది. మంచం కోడు పట్టుకుని నిలబడింది. ముందుగదిలో ఏ చప్పుడూ లేదు. వాళ్ళ నాన్న చేతిలో చాప అలాగే ఉండిపోయింది.

మళ్ళీ కూర్చుని, ఆయాసపడుతూ మీకు జవాబు చెప్పింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వెల్లకిలా లేవకూడదట, పక్కకి తిరగాలట. ముందు కిందికి చూడాలట, కాలు పెట్టేది ఆ తర్వాతేనట. జారేది ఏదైనా ఉంటే తియ్యమని ఎవరినైనా అడగాలట, అడగడానికి సిగ్గుపడకూడదట. మీది ఎడమ మోకాలు గనక ముందు కుడికాలట. మోకాలు వంచితే చప్పుడు కాదట.

నాకింకా భయంగానే ఉంది బాబాయ్. వచ్చే వారం విచారణ అంటేనూ భయమే, దుప్పటి తీసి ఆ పెట్టె చూడాలంటేనూ భయమే. ఉడుత రేపు ఇంకో అడుగు వేస్తుందో లేదో కూడా తెలియదు. ఆ మాట దానితోనూ అన్నాను. అది పట్టించుకోలేదు. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, నాది కాదు, తనది, ఒక ప్రశ్న మీకు రాయమంది.

మాస్టారు దిగారా?

మీ
సుడిగాలి